వీపు మీద ఇంటూ మార్కు

మెసయీద్ నుంచి బదిలీ మీద దోహా ఇండస్ట్రియల్ ఏరియాలోని కార్మికుల క్యాంపుకు వచ్చిన రోజే, స్నానాల గదిలో మా ఊరి రాజలింగం మామ వీపు చూసి నా రక్తం మరిగింది. దాని మీద నల్లటి ఇంటూ మార్కులున్నాయి.

ఆయిల్ డబ్బుతో దోహాలో లేస్తున్న టవర్లలో ఇన్‌స్పెక్టర్ ఏ పిల్లర్ మీద ఇంటూ కొడితే దాన్ని కూలగొట్టాల్సిందే. మామ క్యాన్సర్ వెన్నుపూసకు పాకింది, రేడియేషన్ కరెంటు పెడతామని ఆసుపత్రికి తీసుకెళ్ళి, మనిషినే రిజెక్ట్ చేశారన్నమాట.

"కార్మికుడంటే కాంక్రీట్ కాదు మామా," అంటూ కరపత్రాల్లో చదివిందంతా ఉపన్యసించాను. సబ్బూ పీచూ పట్టి ఒక్క గీత మిగలకుండా రుద్దేశాను.

మామ కళ్ళు మూసుకున్నాడు. "ఇంకింత కిందికి," అన్నాడంతే.

మర్నాడు ఆసుపత్రిలో మలయాళీ నర్సు తల పట్టుకుంది. కరెంటు పెట్టే చోటుకు గురి ఆ గీతలేనట. గురి తప్పితే కాళ్ళు పడిపోతాయట. మళ్ళీ స్కానింగ్ తీసి గీశారు. ఆ రోజుకు కరెంటు మాఫీ.

నా కోపం మామ మీదికి మళ్ళింది. "ఆ గీతలెందుకో నీకెరుకేనా?"

"ఎరుకే. చెరపొద్దని ముందుగాల్నే చెప్పిన్రు."

"మరి నేను రుద్దుతుంటే నోరెందుకు మూసుకున్నవ్?"

"అంటుకుంటదని నెల సంది క్యాంపుల ఒక్కడు నన్ను ముట్టుకుంటలేడు. నువ్వొచ్చి వీపు రుద్దితే, వద్దని నోరెట్ల వస్తదిరా?"

సాయంత్రం మామే పీచు నా చేతికిచ్చి అటు తిరిగి కూర్చున్నాడు.

"ఇయ్యాల గీతల పక్కపొంటి రుద్దు, అల్లుడా."