సాయంత్రం తరగతి

తన చదువు ఆగినట్టే కూతురి చదువూ మధ్యలో ఆగిపోతుందేమోనన్నదే ఆ తల్లికున్న భయాలన్నిటిలోకీ పెద్దది. ఇవాళ ఆ భయం ఎర్ర సిరా గీతలతో హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీద పరిచి ఉంది.

“లెక్కల్లో ఫెయిలు. సైన్సులో ఫెయిలు. అందుకే సాయంత్రం తరగతిలో వేశాం,” అంది హెడ్‌మిస్ట్రెస్ పరీక్ష కాగితాలు తిప్పుతూ. “అక్కడా పుంజుకోకపోతే పై తరగతికి పంపలేం. కుట్టుపని నేర్పే చోటికి రాసిస్తాం.”

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఒక పూట సెలవడిగి వచ్చిన తల్లి, చేతిలోని సంచి పిడిని మెలితిప్పుతూ నిలబడింది. బడి వదిలాక వెనకబడ్డ పిల్లల్ని చీకటి పడేదాకా కూర్చోబెట్టి చదివించే తరగతి అది. నిన్న ఆమె కిటికీలోంచి తొంగి చూసింది. లోపలున్నవాళ్ళంతా రేకుల షెడ్ల వెనక తమ వరుస ఇళ్ళ ఆడపిల్లలే. మేడల వైపు నుంచి వచ్చే పిల్ల ఒక్కతీ లేదు.

“ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి మేడమ్. బడి మొత్తం మీద మా వరుస పిల్లలే ఫెయిలవుతారా? మార్కులకి ఇంటి అడ్రసు ఎలా తెలుస్తుందండీ?”

హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇంట్లో చదువు చెప్పేవాళ్ళు లేని పిల్లలు ఇంతేననీ, ఏటా చూస్తున్నదేననీ నెమ్మదిగా వివరించి, “నువ్వెంతవరకు చదివావమ్మా?” అని అడిగింది.

“ఏడులో మానిపించారు.”

“చూశావా మరి.”

తల్లికి ఒళ్ళు మండింది. గుమ్మం దగ్గర నిలబడ్డ కూతుర్ని రెక్క పట్టుకుని బల్ల ముందుకు లాక్కొచ్చింది. వరుస ఇళ్ళలో అందరూ ఆ పిల్లని పిచ్చుక అంటారు. ఒక్కచోట నిలవదు, నోరు మూయదు. ఇవాళ మాత్రం గోళ్ళు కొరుక్కుంటోంది.

“ఈ కాగితంలో లెక్కే అడగండి మేడమ్. నోటితో చెబుతుందో లేదో చూడండి.”

హెడ్‌మిస్ట్రెస్ విసుగ్గానే అడిగింది. పిచ్చుక ఠక్కున జవాబు చెప్పేసి, వెంటనే నాలుక కరుచుకుంది. చెప్పింది ఒప్పే. కాగితం మీద మాత్రం, పిచ్చుక చేతిరాతతోనే, వేరే అంకె ఉంది.

హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. మిగతా పిల్లల్నీ పిలిపించింది. అందరిదీ అదే వరస. కాగితం మీద తప్పు, నోటితో ఒప్పు. ఉడత అని పిలిచే బక్కపిల్ల ఒక్కతే ఏది అడిగినా “తెలీదు మేడమ్” అంటూ నేల చూపులు చూసింది. అది కిందటేడు తరగతిలో ఫస్టు వచ్చిన పిల్ల.

“ఎవరో చెప్పి రాయిస్తున్నారు మేడమ్,” అంది తల్లి. అనుమానం అప్పటికే ఆమెలో ఒక మనిషి రూపం కట్టేసింది. సాయంత్రం తరగతి కోసమే ఈ ఏడు కొత్తగా వచ్చిన కుర్ర సారు. ఆ తరగతి లేకపోతే ఈ బడిలో ఆయనకి పనే లేదు.

సారుని పిలిచారు. సంగతి వినగానే ఆయన ముఖం పాలిపోయింది. తనకేమీ తెలియదని ఒట్టు పెట్టుకున్నాడు. ఫెయిలైనవాళ్ళకి చదువు చెప్పడమే తప్ప ఆ పరీక్షలు పెట్టేది కూడా తాను కాదన్నాడు.

“తప్పులు రాయమని సారే చెప్పారా?” అని హెడ్‌మిస్ట్రెస్ పిల్లల్ని అడిగింది. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు.

“సారు ఎదురుగా ఉంటే ఏం చెబుతారండీ పాపం? ఆ బెదురు చూస్తే తెలియడం లేదూ?” అంది తల్లి.

హెడ్‌మిస్ట్రెస్ ఇక మాట పెంచలేదు. ఈ పూట నుంచే సాయంత్రం తరగతి ఎత్తేస్తున్నామనీ, గంట కొట్టగానే పిల్లలంతా ఇళ్ళకు వెళ్ళిపోవాలనీ చెప్పేసింది. సారుని మాత్రం ఉండమంది. పిల్లలు బావురుమన్నారు. ఇన్నాళ్ళ భయం కరిగి కన్నీళ్ళవుతోందనుకుని తల్లి కొంగుతో తన కళ్ళు కూడా ఒత్తుకుంది. పిచ్చుకని ఇక అందరితోపాటు పై తరగతికే పంపుతామని హెడ్‌మిస్ట్రెస్ చేత అనిపించుకుని గాని గదిలోంచి కదలలేదు.

బయటికొచ్చేసరికి గంట కొట్టేసి, బడి ఆవరణ ఖాళీ అయిపోయింది. పిచ్చుక అడుగులు ఈడుస్తూ నడుస్తోంది. తల్లికి మాత్రం కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

“ఇంకా ఏడుపెందుకే? ఆ సారు ఇక మిమ్మల్ని ఏమీ అనడులే.”

“సారు మంచోడమ్మా. ఆయనకేం తెలీదు.”

“మరి తప్పులెవరు రాయమన్నారు?”

గేటు దాటాక పిచ్చుక, చెప్పనని ఒట్టేశానంటూనే చెప్పింది. “ఉడత ఒక్కతే ఫెయిలైతే తరగతి ఎత్తేస్తారంట. సరిపడా పిల్లలుండాలంట. అందుకని మేమందరం ఫెయిలయ్యాం.”

“అదెందుకు ఫెయిలవుతోంది?”

“వాళ్ళమ్మ పని నుంచి వచ్చేసరికి చీకటి పడుతుందిగా. అప్పటిదాకా ఇంట్లో వాళ్ళ మావయ్యే ఉంటాడు. తలుపేసి బెల్టు తీస్తాడు. ఎవరికైనా చెబితే వాళ్ళమ్మని కూడా కొడతానన్నాడంట.”

తల్లి చేతిలోని సంచి జారిపోయింది.

“ఇప్పుడెక్కడుందే అది?”

“ఇంటికి పంపించేశావుగా,” అంది పిచ్చుక.

ఆమె పరిగెడుతూనే ఉంది. మధ్యలో పెద్ద రోడ్డుంది, బళ్ళు ఆగడం లేదు. రేకుల షెడ్ల వెనక వరుసలో ఉడత వాళ్ళది చివరి ఇల్లు, మీకు దగ్గరైతే ఆమె వచ్చేదాకా చూడకుండా ముందు మీరు వెళ్ళి ఆ తలుపు కొట్టండి.