లెక్కల టీచరుగారి లాప్‌టాప్

“చూడక్కా, దీన్ని లాప్‌టాప్ అంటారా, అట్టముక్క అంటారా?”

కంప్యూటర్ డాక్టరు చేతిలోని పల్చటి యంత్రాన్ని రెండు అంచులూ పట్టుకుని కాస్త వంచాడు. అది నిజంగానే వంగింది.

“ఎవరిదో వస్తువు, విరిగి చస్తుంది. కింద పెట్టు,” అంది అక్క.

ఆ వీధిలో అందరూ అతన్ని కంప్యూటర్ డాక్టరనే పిలుస్తారు. పాత యంత్రాలంటే అతనికి ప్రాణం. దుకాణం గోడ నిండా పాతకాలపు కీబోర్డులే. ఒక్కోటీ ఇటుకంత బరువు, మీట నొక్కితే పక్క గదిలోకి వినబడుతుంది. కొత్త సరుకంటే మాత్రం ఒళ్ళు మంట. మూత తీస్తే జిగురు, జిగురు కింద ఇంకో జిగురు. మెమరీ పెంచుదామంటే బోర్డుకే అతికించి పారేశారు. అలాంటివి విప్పడం వైద్యం కాదు, పోస్టుమార్టం అంటాడు.

“అందుకే దుకాణం మూసెయ్యమంటున్నా,” అంది అక్క. “మీ బావ షోరూం వాళ్ళతో మాట్లాడారు. మేనేజరు ఉద్యోగం. సాయంత్రంలోగా అవునో కాదో చెప్పమన్నారు.”

“ఈ అట్టముక్కల్ని నవ్వుతూ అమ్మమంటావు.”

“ఇక్కడ కూర్చుని తిట్టుకునే కంటే నయం కదా. రిపేరుకి వచ్చేవాళ్ళేరి? పాడైతే పారేసి కొత్తది కొంటున్నారు. పెళ్ళాం పిల్లలు ఎలాగూ లేరు, జీతమైనా ఉండాలా వద్దా?”

డాక్టరు గుమ్మం వైపు చూశాడు. ఒకప్పుడు గుమ్మం దాకా నిలబడే జనం ఇప్పుడు లేరు. తనకు చేతనైంది ఒక్కటే పని, ఆ పని ఎవరికీ అక్కర్లేకుండా పోతోందని దిగులు. షట్టరు తాళాలు బల్ల మీదే ఉన్నాయి, యజమానికి ఇచ్చెయ్యడమే తరువాయి.

“ఇంతకీ ఇదెవరిది?”

“లెక్కల టీచరుగారిది. టచ్‌ప్యాడు పనిచెయ్యట్లేదట.”

“మళ్ళీనా? మొన్న కీబోర్డు, అంతకుముందు స్పీకరు. ఆవిడ దాంతో లెక్కలు చేస్తోందా, బంతాట ఆడుతోందా?”

“ఆవిడేం చేస్తుంది పాపం,” అంటూ డాక్టరు అడుగు మూత విప్పాడు. “లోపల వైర్లని పట్టి ఉంచే క్లిప్పులు చూడు, గట్టిగా తుమ్మితే ఊడిపోయేలా ఉన్నాయి. సరుకలా ఏడిసింది.”

ఊడిన వైరును క్లిప్పులోకి నెట్టి, మూత పెట్టి, స్క్రూలు మునివేళ్ళతో తిప్పేశాడు.

“అంతేనా? నా మిక్సీకి పళ్ళు బిగబట్టి మరీ తిప్పావు.”

“నీది పాతకాలపు మిక్సీ అక్కా. ఇది ప్లాస్టిక్కు, గట్టిగా తిప్పితే మర పోతుంది.”

అక్క పెదవి విరిచి లేచింది. “ఇంటికెళ్ళగానే నేనే ఫోన్ చేస్తా. అవునను, చాలు,” అంటూ మెట్లు దిగింది. ఆవిడకి ఎదురుగా లెక్కల టీచరుగారు మెట్లెక్కి వచ్చింది.

ఆమె ఎప్పుడొచ్చినా స్టూలు లాక్కుని కూర్చుంటుంది. గోడ మీది కీబోర్డు ఒకటి దింపించుకుని టకటకలాడించి, “శబ్దమంటే ఇదీ” అంటుంది. అలా అనే మనిషి ఆ వీధిలో ఇంకొకరు లేరు.

ఇవాళ కూర్చోలేదు. “మీ అక్కయ్యగారు ఏదో ఉద్యోగమంటున్నారు?”

“షోరూంలోనండి. దుకాణం మూసేద్దామనుకుంటున్నా. ఇదుగోండి మీది. ఇకమీదట ఏమైనా అయితే కంపెనీవాళ్ళకే చూపించండి.”

“వాళ్ళు పాత కీబోర్డుల గురించి కబుర్లు చెబుతారా?”

“చెప్పరండి. టోకెన్ ఇస్తారు.”

టీచరుగారికి నవ్వు రాలేదు. లాప్‌టాప్‌ని గుండెకి హత్తుకుని అలాగే నిలబడింది.

“డాక్టరుగారూ, ఒక మాట చెప్పాలి. విన్నాక తిట్టినా పడతాను.”

“చెప్పండి.”

“టచ్‌ప్యాడు వైరు దానంతట అది ఊడలేదు. నేనే ఊడదీశాను. కీబోర్డుదీ, స్పీకరుదీ కూడా.”

దుమ్ము దులుపుతున్న బ్రష్షు డాక్టరు చేతిలో ఆగిపోయింది.

“మొట్టమొదటిసారి నిజంగానే పాడైంది. అప్పుడు మీరు పని చేస్తూ ఎన్ని కబుర్లు చెప్పారో. ఇంటికెళ్తే నన్ను పలకరించే దిక్కు లేదండీ. మళ్ళీ రావాలంటే ఏదో ఒక వంక కావాలి కదా,” అంది తలెత్తకుండా. “కళ్ళజోడు బిగించుకునే బుల్లి స్క్రూడ్రైవరుతో విప్పేదాన్ని. స్క్రూలు చెయ్యి నొప్పయినా లేకుండా ఊడి వచ్చేసేవి. మీరు రోజూ తిట్టేది నిజమే, ఈ కాలం సరుకు మరీ నాసిరకం.”

డాక్టరు బ్రష్షు బల్ల మీద పెట్టాడు. ఆమె గబగబా చెప్పుకుపోయింది.

“మా బడిలో పాత కంప్యూటర్లు గది నిండా మూలపడి ఉన్నాయి. మీరు మెచ్చే రకమే, ఇనప డబ్బాలు. పారేస్తామంటే హెడ్మాస్టరుగారితో దెబ్బలాడి ఆపించాను, మీరైతే బాగుచేస్తారని. షోరూంకి వెళ్ళకండి. ఇకనుంచి వంక లేకుండానే వస్తాను.”

అంతలో ఫోన్ మోగింది.

“ఏరా, అవునని చెప్పమంటావా మీ బావని?” అక్క గొంతు బయటికి వినబడింది.

“వద్దని చెప్పమనక్కా. పని దొరికింది.”

“ఏం పని?”

“తర్వాత చెబుతా,” అని ఫోన్ పెట్టేశాడు. తాళాలు తీసి జేబులో వేసుకున్నాడు. స్టూలు తుడిచి ఆమె వైపు జరిపాడు. ఆమె కూర్చుంది. కూర్చున్నాక కూడా అతని మొహం చూడటానికి ధైర్యం చాల్లేదు. చేతిలోని లాప్‌టాప్ వంకే చూస్తోంది.

డాక్టరు కూడా దాని వంకే చూసి, కొత్త సరుకును జన్మలో మొదటిసారి వెనకేసుకొచ్చాడు.

“సరుకు మంచిదేనండీ, నేనే ఎప్పుడూ గట్టిగా బిగించలేదు.”