చెవిటి ఫాదర్ వరుస

విల్గా క్రీక్ చర్చిలో పాపాలు చెప్పుకునే గదులు రెండు. అక్కడ చలి మొదలయ్యే మే నెలలో, ఆ శనివారం ఒకదాని ముందు ఇరవై ఆరుగురు బడిపిల్లలు నిలబడ్డారు. రెండోదాని ముందు ఈగ కూడా లేదు.

"కొందరు అటు జరగండర్రా" అంది సిస్టర్ గెర్ట్రూడ్.

ఒక్కరూ జరగలేదు.

అటు కూర్చున్నది పెద్ద ఫాదర్. ఆయనవి పాము చెవులు. ఇటు కూర్చున్నది పక్కూరి నుంచి ఉన్ని లారీలో వచ్చే ఫాదర్ టియర్నీ. ఆయనకు బ్రహ్మచెవుడని బడంతటికీ తెలుసు.

"ఏం చెప్పినా శిక్ష మూడు మరియమ్మ జపాలే" అన్నాడు క్లెమ్. "పోయినవారం బిషప్పుగారిని చంపేశానని చెప్పి చూశాను. మూడే."

వరుసంతా కిసుక్కుమంది. తొమ్మిదేళ్ల మోయ్రా మాత్రం నవ్వలేదు.

మర్నాడు మరియమ్మ విగ్రహానికి పూలకిరీటం పెట్టేది తనే. ఎవరు పెట్టాలో క్లాసు పిల్లలు చీటీల మీద ఓట్లు వేసి తేల్చారు. ఆ చీటీల్లో ఆరు మోయ్రా తన పేరుతో తనే రాసుకున్నవి.

పెద్ద ఫాదర్‌తో చెబితే కిరీటం వదులుకోమంటాడు. ఎవరితోనూ చెప్పకపోతే రేపు పూజలో సత్ప్రసాదం తీసుకునే మొహం లేదు.

"ఏం చేశావే, అంత బిక్కమొహం పెట్టావు?" అని గిల్లాడు క్లెమ్.

"నీలాగా బిషప్పుని చంపలేదులే."

లోపల, చెక్కజాలీ అవతల, ఫాదర్ టియర్నీ చెవి ఒగ్గి కూర్చున్నాడు.

"దొంగ చీటీలు వేశాను ఫాదర్."

"ఆఁ?"

ఆ మాటతో మోయ్రాకు ప్రాణం లేచొచ్చింది. ఇక గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ఆరు చీటీలని చెప్పింది. గెలవాల్సింది బెరిల్ అని చెప్పింది. బెరిల్ వాళ్ల అత్తనడిగి తెల్లగౌను తెచ్చుకుందని, అది చూసే కుళ్లుకున్నానని చెప్పింది. అమ్మకు కూడా చెప్పనివి చెప్పింది.

జాలీ అవతల ఫాదర్ చెయ్యెత్తి దీవించాడు.

"మంచిది తల్లీ. మూడు మరియమ్మ జపాలు."

జపాలు ముగించుకుని మోయ్రా తిన్నగా బెరిల్ దగ్గరికి నడిచింది.

"ఆ కిరీటం ఒక్కదాన్నే ఎత్తలేనే. రేపు నువ్వూ ఓ చెయ్యి వేస్తావా?"

"పూలకేం బరువే?"

"వేస్తావా, వెయ్యవా?"

మర్నాడు బెరిల్ తెల్లగౌను వేసుకునే వచ్చింది.

పదిహేనేళ్లకు ఫాదర్ టియర్నీ పోయాడు. మట్టి వేసి వచ్చాక బడి హాల్లో టీ, కొబ్బరి కేకులు. పాత పిల్లలంతా చేరి, అప్పట్లో ఎవరెవరు ఏమేం చెప్పుకున్నారో బయటపెట్టుకుని పడీపడీ నవ్వుతున్నారు.

"పాపం, ఒక్కటీ వినకుండానే వెళ్లిపోయాడు" అన్నాడు క్లెమ్. ఇప్పుడతను గొర్రెల బొచ్చు కత్తిరించే పనిలో ఉన్నాడు.

"వినని మనిషికి చెబితే అది చెప్పినట్టేనా?" అంది మోయ్రా. నవ్వుతూనే అడిగింది గానీ, ఆ అనుమానం తొమ్మిదో ఏట నుంచీ ఆమెను వదల్లేదు.

టీ పోస్తున్న సిస్టర్ గెర్ట్రూడ్ చెయ్యి ఆగింది.

"వినకపోవడమేంటి? శనివారం మీరంతా ఇళ్లకెళ్లాక మా పియానో తీగెలు సరిచేసేది ఆయనే. ముందు గది ఆ చివర కూర్చుని, నేను ఒక్కో మెట్టు నొక్కుతుంటే, వెంట్రుకవాసి తేడా పలికినా పట్టేసేవారు."