బోర్డు వెనకాల

“పగలు పదింటికి వంటింట్లో లైటెందుకు?” అంటూ ఆర్కిటెక్టు టక్కున స్విచ్ నొక్కి ఆర్పేశాడు.

చీకట్లో అతని భార్య కత్తి ఆపింది. తెగింది కూరముక్కో, తన వేలో కనిపించడం లేదు.

“లైటు వద్దంటే కిటికీ పెట్టించండి.”

“మళ్ళీ మొదలెట్టావా? ఆ గోడకి బయట నా బోర్డుంది. వీధిలో పోయేవాళ్ళకి ముందు కనిపించేది అదే.”

“దాన్ని చూసి ఎవరొచ్చారు? రెండు నెలలుగా బెల్లు మోగలేదు.”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. అతను మొహం ముడుచుకున్నాడు. హాల్లోంచి అత్తగారి గొంతు వినిపించింది.

“పోనీలే అమ్మాయ్, కాసేపుంటే కళ్ళు అలవాటు పడతాయి.”

ఆమె మళ్ళీ స్విచ్ వేసుకుంది. ఈ ఇంట్లో తన పక్షాన నిలబడేది ఆ బల్బొక్కటే.

వానలు పట్టుకుంటే ఎవరూ కొత్త ఇల్లు మొదలుపెట్టరు. ఇంట్లోనే ఉన్న ఆఫీసులో పని లేకపోతే అతను కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతాడు, తిరిగిన చోటల్లా ఒక తప్పు పడతాడు. ఆమెకి తిరగడానికి స్టవ్వుకీ సింకుకీ మధ్య మూడడుగులే. బయట వాన పడుతోందో, వెలిసిందో ఎవరైనా వచ్చి చెబితేనే తెలుస్తుంది.

మధ్యాహ్నానికి అతను ఒక కాగితాల కట్టతో వచ్చాడు.

“పని లేనప్పుడే పాత క్లయింట్లని పలకరించాలి. మనం ప్లానిచ్చిన ఇళ్ళన్నిటికీ ఉత్తరం. ‘మీ ఇంట్లో ఇబ్బందేమిటో మొహమాటం లేకుండా రాయండి. ఉచితంగా సరిచేస్తాం.’ ఎలా ఉంది? ఒకరికి చేస్తే వాళ్ళు పదిమందికి చెబుతారు.”

“రాసేవాళ్ళు పేరు పెట్టాలా?”

“పేరడిగితే నిజం రాస్తారా? ఒక్కో కాగితం మీద ఒక్కో ఫైలు నంబరు అచ్చేయించాను. అది చాలు.”

“లోకంలో అందరి ఇబ్బందులూ అడుగుతున్నారన్నమాట.”

“దెప్పడం ఆపి కవర్లలో పెట్టు.”

అత్తగారు, కూతురు కూడా వచ్చి కూర్చున్నారు. అడ్రసులన్నీ అయిపోయాక ఒక కాగితం, ఒక జవాబు కవరు మిగిలిపోయాయి.

“ఎక్కువొచ్చినట్టుంది, పారెయ్” అన్నాడతను.

“పారెయ్యడమెందుకు? ఇలా ఇవ్వు, మందుల డబ్బా అడుగున పరుచుకుంటాను” అని అత్తగారు రెండూ తీసుకుంది.

పది రోజులు గడిచాయి. పోస్టు డబ్బా తెరిచి చూడడం అతనికి మూడు పూటలా పనైపోయింది. ఒక్క జవాబూ లేదు. పక్క గోడకి అటు ఆఫీసు గదిలో అతని కుర్చీ కిర్రుమన్నప్పుడల్లా ఇటు వంటింట్లో ఆమెకి వినిపించేది. కోపంతోపాటు జాలి కూడా కలిగేది. ఇద్దరికీ బయటి గాలి లేదు. కాకపోతే అతను కావాలంటే లేచి గేటుదాకా వెళ్ళొచ్చు.

పదకొండో రోజు అందరూ భోజనానికి కూర్చుంటుంటే కూతురు కవరుతో వచ్చింది.

“నాన్నా, ఒకటొచ్చింది!”

“చదువు, చదువు!”

కూతురు గొంతు సవరించుకుంది. “ఫైలు నంబరు పదిహేడు. ‘అయ్యా, మా వంటింటికి కిటికీ లేదు. బావిలో నిలబడి వండినట్టుంటుంది. గేటు దగ్గరికి ఎవరొచ్చారో తెలియదు, పొద్దెక్కిందో వాలిందో తెలియదు. అడిగితే అలవాటు పడమంటారు. గోడ పగలగొట్టి కిటికీ పెట్టండి. మాకింకేం వద్దు.’”

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. ఎవరో పాపం, అచ్చం తనలాగే ఎక్కడో ఇంకో గోడ ముందు నిలబడి ఉంది.

అతనికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. “వంటింటికి కిటికీ పెట్టనివ్వలేదంటే ఆ ఇంటాయనకి బుర్ర లేదు! నేనైతే ప్లానులో తప్పకుండా పెట్టుంటాను. అందరూ వినండి. వచ్చే సోమవారం ఆ గోడ పగలగొట్టిస్తున్నాను. ఖర్చంతా నాదే. ఫొటోలు తీసి ఊరంతా పంచుతాను. అమ్మా, నీ ఎదురుగానే చెబుతున్నాను, నా మాటంటే మాటే. పదిహేడో ఫైలు పట్రా.”

కూతురు చప్పున తెచ్చింది. అతను ఎడమచేత్తో తెరిచాడు. ప్లానులో వంటింటికి వీధివైపు ఎంచక్కా పెద్ద కిటికీ ఉంది. దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన ‘ఇక్కడ బోర్డు’ అని రాసి ఉంది. అక్షరాలు తనవి. కింద ఇంటి యజమాని సంతకం. అదీ తనదే.

అతను మెల్లగా తలెత్తి భార్య వైపు చూశాడు.

“ఇదా నువ్వు చేసిన పని?”

“నేను రాయలేదండీ. నాకసలు తట్టనే లేదు.”

“మరెవరు రాశారు?”

అత్తగారు మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది.

“రాసింది నీ కూతురు, రాయించింది నేను. మన పాతింట్లో నలభై ఏళ్ళు చీకట్లో వండాను, కళ్ళు అలవాటు పడవురా. మేస్త్రీకీ వానల్లో పనిలేదట, రేపే రమ్మన్నాను... అన్నం తినేసి ఆ బోర్డు దింపుకో.”