సింగారం కాని పూత

ఆ కాలంలో కాకి తన నీడని ముక్కున కరుచుకునే ఎగిరేదట, కింద పడితే మాడిపోతుందని! రెండు గంటలకోసారి సైరన్ మోగగానే ఉప్పుమడుల్లో జనమంతా పని ఆపి సన్‌స్క్రీన్ పూసుకోవలసిందే. చెమటకి అది కరిగిపోతే ఒళ్లు పొక్కిపోయేది.

మొగుడి దినాలు కాగానే నూకరత్నం మడిలో దిగింది. సైరన్ మోగినా డబ్బా ముట్టలేదు. మొగుడు పోయిన ఆడది ఏడాదిపాటు పసుపూ పూలూ ముట్టకూడదన్న కట్టుబాటులో ఊరిపెద్దలు ఆ పూతనీ చేర్చేశారు. మొహానికి రాసేదేదైనా సింగారమేనట. అప్పటికే ఆమె చెంపలు కందిపోయాయి. ఉప్పు మీంచి ఎగదన్నే ఎండ గడ్డం కింద కాలుస్తోంది.

అత్త దాలమ్మ డబ్బా పట్టుకుని వచ్చింది.

"మొకం ఇటు తిప్పే."

"వద్దత్తా, అందరూ సూత్తన్నారు. నవ్వుతారు."

"నవ్వనీ. ఆల పళ్లకీ కాస్త ఎండ తగల్లి కదా!"

నూకరత్నం తల వంచుకుంది. దాలమ్మ తన మొహం మీది ముసుగు తీసేసింది. చెంప నుంచి గడ్డం కిందిదాకా మాడిన అట్టులాంటి మచ్చ, దాని నడుమ డాక్టరు కోసి వేసిన కుట్లు.

"మీ మావ పోయాక ఏడాదంతా నానూ పూసుకోనేదు. పెద్దలంతా మెచ్చుకున్నారే."

నూకరత్నం కళ్లు మూసుకుని గడ్డం పైకెత్తింది. దాలమ్మ మెల్లగా, చెవుల వెనకదాకా పూసింది. వేళ్లకి మిగిలినది తన మచ్చ మీద తుడుచుకుంది.