పొగకంటే ముందు

“అత్తయ్యా, కిటికీలు మూశారా లేదా?”

“మూస్తాలేవే. ఇంకాస్త ఆగి.”

“మీరాగితే పొగ ఆగుతుందా? ఇంట్లో నెలల పిల్ల ఉంది!”

“పిల్ల సంగతి నాకు తెలీదా? నువ్వు నీ పని చూసుకో తల్లీ,” అని అత్తగారు ఫోను పెట్టేసింది.

కోడలి పనే అది. ఎక్కడో కొండల అవతల అడవి తగలబడుతోంది. ఆ పొగ ఎటు పోతోందో పైనుంచి ఉపగ్రహం ఫొటోలు తీసి పంపుతుంది. ఆమె తెర ముందు కూర్చుని పొగ అంచు వెంబడి గీత గీస్తుంది. గీత ఏ ఊరి మీదికొస్తే ఆ ఊరికి కబురు పెడుతుంది. అంత ఎత్తునుంచి చూస్తే మంట వేడి తెలీదు, అరుపులు వినబడవు. నీళ్లలో పాలచుక్క విచ్చుకున్నట్టు, కొండల మీద బూడిదరంగు నెమ్మదిగా పరుచుకుంటూ పోతుంది. చూడగా చూడగా ఆమెకి నిద్రలో నడుస్తున్నట్టుండేది.

ఇవాళ గీత వాళ్లింటి మీదికే వచ్చింది.

మళ్లీ ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఈలోగా ఎదురింటావిడే చేసింది.

“మీ అత్తగారికేమైనా అయిందా అమ్మాయ్? ఊరంతా తలుపులు బిగించుకుంటుంటే ఆవిడ బాల్కనీ తలుపు కూడా బార్లా తీసి పెట్టింది. అదేమిటండీ అని అరిస్తే, గట్టిగా మాట్లాడొద్దని నాకే సైగ చేస్తోంది!”

కోడలు కుర్చీలోంచి లేచింది. పక్క సీటాయనకి తన తెర చూపించి, “కాస్త దీన్ని చూస్తూండండి” అంది.

“తొందరగా వెళ్లమ్మా,” అన్నాడాయన. “గాలి జోరందుకుంది. నీకంటే ముందే మీ వీధికి చేరేలా ఉంది.”

బయట మిట్టమధ్యాహ్నమే పొద్దుగూకింది. వీధిదీపాలు వాటంతటవే వెలిగాయి. సూర్యుడు గుడ్డులో పచ్చసొనలా మెత్తగా ఉన్నాడు, తేరిపార చూసినా కళ్లు చెదరలేదు. బూడిద రేకులు తాపీగా దిగుతున్నాయి. ఒకటి ఆమె చేతిమీద వాలి, ఊదేలోగా పొడైపోయింది. దూది మీద పరుగెత్తుతున్నట్టు తన అడుగుల చప్పుడు తనకే వినబడలేదు. తను గీసిన గీత లోపలికి తనే వచ్చేసింది.

చంటిదాని ముక్కుపుటాలు కళ్లముందు మెదిలాయి. అంతలో కోపం ముంచుకొచ్చింది. ఊళ్లకి ఊళ్లు తన మాట విని తలుపులేసుకున్నాయి. రచ్చ గెలిచి ఏం లాభం, ఇంట్లో ఒక్క మనిషి వినకపోతే? ముసలితనం, చాదస్తం అని ఇన్నాళ్లూ సరిపెట్టుకుంది. ఇవాళ మాత్రం అత్తగారని చూడకుండా కడిగి పారేయాలి.

మెట్లు రెండేసి చొప్పున ఎక్కి తాళం తీసింది.

“అత్తయ్యా!” అని అరవబోయింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

అత్తగారు పడగ్గది తలుపు మూసి, దాని కింద సందులో తడిగుడ్డలు కుక్కి, తలుపుకి వీపు ఆనించి కూచుంది. లోపల పాప గుర్రు సన్నగా వినబడుతోంది. ఆవిడ పెదాల మీద వేలుంచుకుని కోడలివైపు చూసింది.

సోఫా మీద, టీవీ మీద, కర్టెన్ల కడ్డీ మీద, పాప బట్టలారేసిన తాడు మీద, ఇల్లంతా పిట్టలు. ఎన్నడూ ఈ ఊరి మొహం చూడని అడవిపిట్టలు. రెక్కలకి మసి, ముక్కులు తెరుచుకుని ఆయాసం. ఒక్కటీ కూయడం లేదు. నేలమీద పళ్లేలనిండా నీళ్లున్నాయి.

బాల్కనీలోంచి ఇంకొకటి తూలుతూ వచ్చి కోడలి భుజమ్మీద వాలింది.

“అదే ఆఖర్దనుకుంటా,” గుసగుసగా అంది అత్తగారు. “ఇక మూసెయ్యవే.”