వెచ్చటి దిండు

తమ్ముడి చేత నిద్రమాత్రలు మాన్పించడానికి అక్క రోజూ మాత్రను బ్లేడుతో కోసి, కొంచెం కొంచెం తగ్గిస్తోంది. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చెప్పాడు. పదకొండు రాత్రులుగా అతనికి కునుకు లేదు. కన్ను మూస్తే గుండె దడదడమంటుంది. తన చెమట కంపు తనకే రోత.

ఆ రాత్రి వంటింట్లో పచార్లు చేస్తుంటే, తన గదిలోంచి కఫం నిండిన తడి గురక వినిపించింది. తలుపు తోయగానే ఆగిపోయింది. మంచం ఖాళీ. దిండు మీద జిగట చొంగ, ఇంకా వెచ్చగా ఉంది.

వెనకే వచ్చిన అక్క ముక్కు మూసుకుంది. "ఛీ! గోడలదిరేలా గురక పెట్టి ఇప్పుడు లేచావా, కుంభకర్ణుడా?"

"నేను కన్నే మూయలేదక్కా! అది నాది కాదు."

"మరి నాదా? చొంగ కారేలా పడుకునేవాడికి ఇంకా మాత్రెందుకురా?"

అతను అడ్డుపడేలోపే మిగిలిన మాత్రలన్నీ సింకులో పోసి కుళాయి తిప్పింది.

నీళ్ల చప్పుడు ఆగాక, అతని గదిలో ఎవరో హాయిగా ఆవలించారు.